హామీ రైలు

తరగతిలో రైలు ప్రస్తావన వచ్చినప్పుడల్లా "రైళ్లు వేసింది తెల్లవాళ్లే కదా సార్" అంటారు పిల్లలు. వేసింది ఎవరన్నది సగం ప్రశ్నే. ఎవరి పూచీ మీద వేశారన్నది మిగతా సగం. రచయితలం మనం కూడా రైలును ఆధునికతకు చిహ్నమని రాసి ఊరుకుంటాం; దాని వెనక ఉన్న ఒప్పందాన్ని విప్పి చూడం.

1849లో ఈస్టిండియా కంపెనీ లండన్ రైల్వే కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందాల సారం ఇది: భూమి ఉచితం, పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీ హామీ, రాబడి అంతకు తగ్గితే లోటు ఈ దేశపు ఖజానాది. ఖర్చు పెరిగినకొద్దీ హామీ వడ్డీ కూడా పెరుగుతుంది కాబట్టి కంపెనీకి పొదుపు అవసరం లేకపోయింది. లోటు పూడ్చిన ఖజానాలో రైతు కట్టిన శిస్తు ఉంది. ఈ భారం చూసే 1869 తర్వాత ప్రభుత్వం తానే లైన్లు వేయడానికి పూనుకుంది.

హైదరాబాదు కథ ఇంకా చేదు. వాడి-సికింద్రాబాదు లైను 1874లో నిజాం ప్రభుత్వ ఖర్చుతోనే వచ్చింది. అలా వచ్చిన లైనును 1883 నాటి ఏర్పాటుతో లండన్‌లో పుట్టిన కంపెనీకి అప్పగించి, పొడిగింపు పనులూ ఒప్పజెప్పి, పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు నూటికి ఐదు హామీ ఇచ్చారు. 1889లో రైలు బెజవాడ చేరింది. ప్రభుత్వం తన లైనును తానే మళ్లీ కొనుక్కున్నది 1930లో.

ఈ చాందా రైల్వే పథకం షరతులు జనానికి చెప్పమని 1883లోనే అడిగినవాడు అఘోరనాథ చటోపాధ్యాయ. హైదరాబాదు కాలేజీ ప్రిన్సిపాలు, సరోజినీ నాయుడి తండ్రి. ఆ మే నెలలో ఆయన్ని ఉద్యోగం నుంచే గాక రాజ్యం నుంచి కూడా వెళ్లగొట్టారు. నేనూ బడిపంతుల్నే గనుక ఈ సంగతి నన్ను వదలదు. ఆయన అడిగింది కాగితం చూపించమని మాత్రమే.

అదే నగరంలో 2017లో భాగస్వామ్యం పేరుతో మెట్రో నడిచింది. 2025లో నిర్మాణ కంపెనీ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. తేడాలున్నాయి: ఇక్కడ వడ్డీ హామీ లేదు, కంపెనీ కూడా నష్టపోయింది. అయినా చివరి బాకీ చేరిన గడప ఒకటే.

'భాగస్వామ్యం' చక్కని మాట. మాటలతో బతికేవాళ్లం, దాన్ని వాడే ముందు లోటు ఎవరు కడతారని అడుగుదాం.