పాటా కావాలి, పద్దు పుస్తకమూ కావాలి

హిద్ అంటే మనలో చాలామందికి తెలిసింది ఓడల మరమ్మతు యార్డు, పోర్టు, ఫ్యాక్టరీలు, క్యాంపు. అంతే. 1977లో ఆస్రీ డ్రై డాక్ మొదలైంది. 2009లో ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టు వచ్చింది. ఆ పనుల వెంటే మనవాళ్లూ వచ్చారు. కానీ అంతకు ఎంతో ముందు నుంచే ఇది కష్టజీవుల ఊరు. ముహరక్ దీవి చివర సముద్రంలోకి సన్నగా సాగిన ఇసుక తిన్నె మీద వెలిసిన ఈ ఊళ్లో మగవాళ్లు ముత్యాల వేటకు, చేపల వేటకు వెళ్లి బతికేవారు.

ఇప్పుడు కార్మికుల ఆరోగ్యం పేరుతో బహ్రెయిన్‌లో రకరకాల కార్యక్రమాలు జరుగుతున్నాయి. మంచినీళ్ల పంపిణీ, మెడికల్ క్యాంపులు, యోగా, ఆటల పోటీలు. ఇవన్నీ ఫొటోల కోసమే అని మనలో కొందరంటారు. ఈ మాత్రం చేస్తున్నారు చాలు అని కొందరంటారు. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఈ ఊరి పాత కార్మికుల కథ ఒకసారి తెలుసుకోవాలి.

ఓడ మీద నాలుగు నెలలు

ముత్యాల వేటకు పెద్ద సీజన్ ఎండాకాలమే. సుమారు జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఓడ మీదే బతుకు. మనకు సైట్లో నరకం కనిపించేదీ ఆ నెలల్లోనే. నీళ్లలో మునిగేవాణ్ని ఘైస్ అనేవారు. పైనుంచి తాడు లాగేవాడు సైబ్. ఓడ కెప్టెన్ నఖూదా. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగేవారు. ఇలా రోజుకు ఒకటి రెండు సార్లు కాదు, డజన్ల సార్లు.

కడుపు నిండా తిని మునిగితే ప్రమాదం. అందుకని పగలంతా నాలుగు ఖర్జూరాలు, కాస్త కాఫీతో సరిపెట్టుకునేవారు. పొద్దు గుంకాక అన్నం, చేప. తాజా కూరగాయలు, పండ్లు ఉండేవి కావు. తాగే నీళ్లు కూడా లెక్క ప్రకారమే. దాంతో విటమిన్ సి అందక చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు పట్టుకునేది. చెవులు, కళ్లు దెబ్బతినేవి. 1903లో మనామాలో మేసన్ మెమోరియల్ ఆసుపత్రి తెరిచారు. మనం ఇప్పుడు అమెరికన్ మిషన్ హాస్పిటల్ అంటున్నది దానికి వారసురాలే. అంతకు ముందు వైద్యమంటే నాటు మందులే ఎక్కువ.

అయితే ఆ ఓడల మీద ఒక మంచి ఏర్పాటు ఉండేది. పెద్ద ఓడ బయల్దేరితే సంపాదనలో వాటా ఇచ్చి ఒక పాటగాణ్ని తీసుకెళ్లేవారు. అతని పేరు నహ్హామ్. అతను పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడుతూ తెడ్లు వేసేవారు, తాళ్లు లాగేవారు. ఇల్లు వదిలి నెలల తరబడి ఉన్నవాడి దిగులు ఆ పాటలో కరిగేది. ఒడ్డుకు వచ్చాక కూడా దార్ అనే ఇళ్లలో చేరి పాడుకునేవారు. ఫిజ్రీ అనే ఈ పాటల కళను 2021లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊళ్లలో నాట్ల పాటలు, పడవలవాళ్ల హైలెస్సా చేసే పని కూడా ఇదే కదా. శరీరం ఎంత ముఖ్యమో మనసూ అంతే ముఖ్యమని చదువు రాని ఆ మనుషులకు ఏ డాక్టరూ చెప్పకుండానే తెలుసు.

పాటకు లొంగని జబ్బు

కానీ పాట అప్పు తీర్చలేదు. సీజన్‌కు ముందు ఇంటి ఖర్చులకు అడ్వాన్సు, సీజన్ అయ్యాక మళ్లీ అడ్వాన్సు. లెక్క నఖూదా దగ్గర ఉండేది. ఈతగాడికి అక్షరం రాదు. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో తెలియదు. అప్పు తీరేదాకా ఓడ మారడానికి వీల్లేదు. తండ్రి చచ్చిపోతే అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది.

1920ల్లో సంస్కరణలు వచ్చాయి. ప్రతి ఈతగాడికీ తన లెక్క తన చేతిలో ఉండేలా పుస్తకం ఇవ్వాలని, తండ్రి అప్పు కొడుకు మీద వేయకూడదని నియమాలు పెట్టారు. వ్యాపారులు, నఖూదాలు గట్టిగానే ఎదిరించారు. అడ్వాన్సుల విషయంలో ఈతగాళ్లలో రేగిన అసంతృప్తి 1932లో అల్లర్ల దాకా వెళ్లింది. అప్పటికే జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని కుంగదీశాయి. అదే 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. ముత్యాల కాలం మెల్లగా ముగిసింది.

ఈ కథలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. నహ్హామ్ పాట మనిషిని ఆ రోజు గట్టెక్కించింది. పద్దు పుస్తకం అతని బతుకుకు ఒక దారి చూపింది. రెండిటిలో ఏది లేకపోయినా మనిషి నలిగిపోతాడు.

మన కాలపు పాటలు, మన కాలపు పుస్తకాలు

మన సంగతీ ఇంతే. ఏజెంటుకు కట్టిన డబ్బు, ఊళ్లో తెచ్చిన వడ్డీ అప్పు, జీతం ఆలస్యమైతే ఇంటికి చెప్పలేని మాట, ఇవే మన నిద్ర చెడగొట్టేవి. నిద్ర లేని మనిషికి ఎండ తొందరగా తగులుతుంది, క్రేను కింద కాలు తడబడుతుంది. అంటే జీతం లెక్క కూడా ఆరోగ్యం విషయమే.

బహ్రెయిన్‌లో మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదనే నిషేధం 2007లో మొదలైంది. జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పని ఆపాలి. 2025లో దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మూడు నెలలకు పెంచారు. తప్పితే 500 నుంచి 1,000 దీనార్ల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 2021 మే నుంచి జీతాలు బ్యాంకు ద్వారా, రికార్డు ఉండేలా ఇచ్చే పద్ధతిని దశలవారీగా తెచ్చారు. మన పద్దు పుస్తకాలు ఇవే.

పాట వైపు చూస్తే, 1999లో ఏర్పడిన ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్ 2016 నుంచి ఎండాకాలంలో థర్స్ట్ క్వెంచర్స్ పేరుతో సైట్లకు వెళ్లి నీళ్లు, మజ్జిగ, పండ్లు పంచుతోంది. ఎండదెబ్బ గురించి జాగ్రత్తలూ చెబుతోంది. 2015 నుంచి జూన్ 21న యోగా దినం జరుపుతున్నారు. 2017లో బహ్రెయిన్ స్పోర్ట్స్ డే మొదలైంది. ఇవన్నీ మంచివే. వెళ్లాలి, పాల్గొనాలి. అయితే ఒక్కరోజు ఇచ్చిన నీళ్ల సీసా మిగతా రోజుల దాహం తీర్చదు. సైట్లో నీళ్లు, నీడ, విశ్రాంతి ఇవ్వాల్సింది కంపెనీయే. అది దానం కాదు, మన హక్కు.

పళ్లెం, కాళ్లు, మాట

మన చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటిది పళ్లెం. ఒక్కొక్కరు విడిగా వండుకుంటే పచ్చడి, అన్నం, ఖుబ్బూస్‌తోనే రోజు వెళ్లిపోతుంది. నలుగురు కలిసి మెస్ పెట్టుకుంటే పప్పు, ఆకుకూర, గుడ్డు తక్కువ ఖర్చులో వస్తాయి. డ్యూటీ దిగగానే కోల్డ్ స్టోర్‌లో కొనే కోలా డబ్బాలో 330 మిల్లీలీటర్లకు సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఎనిమిది చెంచాల పైనే. 2017 డిసెంబర్ 30న బహ్రెయిన్ ప్రభుత్వం కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది. ఆ డబ్బుతో పెరుగు కొని ఉప్పు వేసిన మజ్జిగ చేసుకుంటే ఒంటికి చలవ, జేబుకు ఆదా. ఎండలో పని చేసేటప్పుడు దాహం అయ్యేదాకా ఆగకుండా 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఒళ్లు నొప్పులకు రోజూ పెయిన్ కిల్లర్ మింగడం మానాలి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

రెండోది కాళ్లు. రోజంతా బరువులు మోసేవాడికి వ్యాయామం ఎందుకు అంటారు. పనిలో కొన్ని కండలే అరుగుతాయి. సాయంత్రం చల్లబడ్డాక అరగంట నడక, సెలవు రోజు వాలీబాలో కబడ్డీయో ఆడితే ఒళ్లు సాగుతుంది, నిద్ర పడుతుంది. ఈ చిన్న ఊరి క్లబ్బే 2015-16లో బహ్రెయిన్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది. ఆట ఈ నేలకు కొత్త కాదు.

మూడోది మాట. గదిలో ఒక తమ్ముడు నాలుగు రోజులుగా సరిగా తినకుండా, ఇంటికి ఫోన్ చేయకుండా, గోడ వైపు తిరిగి పడుకుంటుంటే వదిలేయకూడదు. పక్కన కూర్చుని, అప్పు ఎంత, ఇంట్లో ఏమైంది అని అడగాలి. బతకాలని లేదు అన్నాడంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉంచకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అవసరమైతే 999కి ఫోన్ చేయాలి. జీతం, పాస్‌పోర్టు చిక్కులుంటే ఎంబసీ ఓపెన్ హౌస్‌కు తోడుగా వెళ్లాలి.

ముత్యాల ఓడలో నీళ్లలో ఉన్నవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉండేది. తాడు కదిలితే వెంటనే లాగాలి. సైబ్ ఏమరపాటుగా ఉంటే ఘైస్ పైకి రాడు. క్యాంపు గదిలో మనం ఒకరికొకరం సైబ్‌లం. ప్రతి నెలా జీతం స్లిప్పు దాచుకుందాం, మధ్యాహ్నం విశ్రాంతి అడిగి తీసుకుందాం, వారానికొకసారైనా కలిసి వండుకుని, ఆడుకుని, పాడుకుందాం.