ఛాయాచిత్రాలలో హుగ్లీ తీరం

నది పుట్టించిన నగరం కలకత్తా. రైలు పుట్టించిన పట్టణం ఖరగ్‌పూర్. ఈ రెండింటి నడుమ దూరం సుమారు 115 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్‌లోని ఇందా ప్రాంతంలో నివసించే ఈ వ్యాసకర్తకు సెలవు రోజున తెల్లవారుజామున లోకల్ రైలెక్కి, హౌరాలో దిగి, లాంచీలో హుగ్లీ నదిని దాటుతూ ఆవలి తీరాన్ని ఫోటోలు తీయడం కొన్నేళ్ళుగా అలవాటు. వినోదంగా మొదలైన ఆ అలవాటు క్రమంగా ఒక ప్రశ్నగా మారింది. ఒక చారిత్రక తీరాన్ని చూపే ఛాయాచిత్రం దేనికి సాక్ష్యం? కట్టడాలకా, వాటి నీడన బ్రతికిన మనుషులకా?

ఈ ప్రశ్నకు తొలి పాఠం సూర్యుడే చెప్పాడు. కలకత్తా నది తూర్పు గట్టున ఉన్నది. దాని ప్రసిద్ధ భవనాలు అనేకం పడమరగా నది వైపు ముఖం చేసి నిలిచాయి. ఉదయం లాంచీ మీద నుంచి చూస్తే సూర్యుడు ఆ భవనాల వెనుక ఉంటాడు. స్తంభాలు, కమానులు నల్లని ఆకారాలుగా మిగిలిపోతాయి. కాని సరిగ్గా ఆ వేళలోనే మెట్ల మీద స్నానాలు చేసేవారు, తర్పణాలు విడిచేవారు, మల్లిక్ ఘాట్ పూల బజారులో బంతిపూల బుట్టలు మోసేవారు కనిపిస్తారు. మధ్యాహ్నం దాటిన తరువాత వెలుగు భవనాల ముఖాల మీద పడుతుంది. అప్పటికి మెట్లు ఖాళీ అవుతాయి. కట్టడాలు కావాలంటే సాయంత్రం, మనుషులు కావాలంటే ఉదయం. రెండూ ఒకే చిత్రంలో ఇమడటం అరుదు.

ఫోటోగ్రఫీ ఈ నగరానికి చాలా త్వరగా చేరింది. డాగ్యూర్ తన పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించినది 1839లో. మరుసటి సంవత్సరానికే కలకత్తాలో ఆ కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. 1850 దశకం ప్రారంభంలో ఫ్రెడరిక్ ఫీబిగ్ నగరాన్ని విస్తృతంగా చిత్రించాడు. కలకత్తా, మద్రాసు మొదలైన చోట్ల అతడు తీసిన సుమారు 500 చిత్రాలను ఈస్టిండియా కంపెనీ 1856లో కొనుగోలు చేసింది. బెంగాల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడినదీ ఆ సంవత్సరమే. 1863లో ఇక్కడికి వచ్చిన శామ్యూల్ బోర్న్ పేరు తరువాతి కాలంలో బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ ద్వారా దేశమంతటా ప్రసిద్ధమైంది.

ఈ చిత్రాలు చరిత్రకారునికి చేసిన మేలు అపారం. ప్రిన్సెప్ ఘాట్‌నే తీసుకుందాం. అశోకుని శాసనాల బ్రాహ్మీ లిపిని 1837లో ఛేదించిన జేమ్స్ ప్రిన్సెప్ స్మారకంగా 1840 దశకం తొలినాళ్ళలో నిర్మించిన మండపమిది. మన తెలుగు లిపికి కూడా బ్రాహ్మీయే మూలం కనుక ఈ మండపం ముందు నిలబడిన తెలుగువాడు పరాయివాడు కాడు. ఒకనాడు నది నుంచి దిగినవారు నేరుగా ఈ మండపంలోకి అడుగుపెట్టేవారు. నేడు మండపానికీ నీటికీ మధ్య రోడ్డు ఉన్నది. ఆ వెనుక 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు తీగలు ఆకాశాన్ని గీస్తున్నాయి. నది ఎంత దూరం జరిగిందో వివరణ అక్కరలేకుండా చూపగలవి పాత చిత్రాలే. రాణీ రాస్మణి భర్త 1830లో కట్టించిన బాబూఘాట్, 1844లో పూర్తయిన మెట్‌కాఫ్ హాలు, 1872 నాటి హైకోర్టు భవనం, ఇవన్నీ కాలక్రమంలో ఎలా మారాయో పక్కపక్కన పెట్టి చూసుకొనే వీలు ఈ చిత్రాల వల్లనే కలిగింది.

అయితే ఆ పాత చిత్రాలలో ఒక వింత నిశ్శబ్దం ఉంటుంది. ఆసియాలోనే అత్యంత రద్దీ రేవులలో ఒకటైన ఈ తీరం వాటిలో అనేక చోట్ల నిర్మానుష్యంగా కనిపిస్తుంది. కారణం సాంకేతికమైనది. ఆనాటి కాగితపు నెగటివ్‌కు గాని, గాజు పలకకు గాని బొమ్మ పడాలంటే కెమెరా కన్ను చాలా సెకన్లు, ఒక్కొక్కప్పుడు నిమిషాలు తెరిచి ఉంచవలసి వచ్చేది. కదలని భవనం స్పష్టంగా నిలిచేది. కదిలే మనిషి మసకగా మారేవాడు, లేదా పూర్తిగా మాయమయ్యేవాడు. డాగ్యూర్ 1838లో తీసిన పారిస్ వీధి చిత్రం ఇందుకు జగత్ప్రసిద్ధమైన ఉదాహరణ. బండ్లతో, జనంతో కిటకిటలాడే ఆ వీధి మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. బూట్లు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడినందువల్ల ఒక్క మనిషి ఆకారం మాత్రం దక్కింది. హుగ్లీ తీరంలో మూటలు మోసినవానికి నిలబడే తీరిక లేదు. అందువల్ల అతడు చిత్రంలో లేడు. శ్రమించినవాడు మాయమై, నిలబడగలిగినవాడు మిగిలాడు. ఇది ఎవరూ తలపెట్టిన అన్యాయం కాదు. కాని ఆ ఖాళీని నిజమని నమ్మితే మనం చరిత్రను తప్పుగా చదివినట్లే.

అలా చిత్రానికి చిక్కనివారిలో మనవారూ ఉన్నారు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కూలీలు హుగ్లీ గట్టున ఉన్న జనపనార మిల్లులలో పనిచేశారు. ఆనాటి లెక్కలలో వారు తరచుగా ‘మద్రాసీలు’ అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. మరొక ప్రవాహం రైలు మార్గాన వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1900లో హౌరాతో ఖరగ్‌పూర్‌ను కలిపింది. 1902లో కటక్ నుంచి విశాఖ దిశగా సాగే తూర్పు తీరపు మార్గం కూడా దాని అధీనంలోకి వచ్చింది. ఆ దారినే తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు, రైల్వే క్వార్టర్లకు, ఇందా వంటి పేటలకు చేరాయి.

ఆ రైల్వేకు ప్రధాన కార్యాలయం ఎక్కడ? హుగ్లీ తీరాన, గార్డెన్ రీచ్‌లో. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే కూడా అక్కడి నుంచే పాలన సాగించింది. ఆ కార్యాలయ భవనానికి రూపకల్పన చేసిన విన్సెంట్ ఎష్ తరువాత హైదరాబాదు వెళ్ళి, 1908 నాటి వరద తరువాత రూపుదిద్దుకున్న మూసీ తీరంలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాల నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. హుగ్లీ గట్టుకూ మూసీ గట్టుకూ ఉన్న ఈ బంధుత్వం తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగినది.

ఇందాలో పదవీ విరమణ చేసిన ఒక రైల్వే కార్మికుని ఇంట ఈ వ్యాసకర్త ఒక పాత ఫోటో చూడటం తటస్థించింది. ఎత్తైన స్తంభాల ముందు, వెనుక నది కొద్దిగా కనిపిస్తూ, పదకొండు మంది వరుసగా నిలబడి ఉన్నారు. ఈసారి కెమెరా కోసం వారు కదలకుండా నిలబడ్డారు. ముఖాలన్నీ స్పష్టంగా పడ్డాయి. ఆ పెద్దాయన తన తండ్రిని, మరి ఇద్దరిని చూపించి పేర్లు చెప్పాడు. మిగిలిన ఎనిమిది మంది ఎవరని అడిగితే కొంతసేపు ఫోటోకేసి చూసి, “మా అయ్యకి అందరి పేర్లూ తెలుసు బాబూ. నానెప్పుడూ అడగనేదు” అన్నాడు. ఫోటో వెనుక తేదీ లేదు, స్థలం పేరు లేదు. మరుసటి ఏడు ఆయన కాలం చేశాడు. ఆ మూడు పేర్లు ఈ వ్యాసకర్త చేతి పుస్తకంలో ఉన్నాయి. ఎనిమిది పేర్లు ఎక్కడా లేవు.

కెమెరా మందకొడిదైనప్పుడు మనుషులు మాయమయ్యారు. కెమెరా చురుకుదేలిన తరువాత ముఖాలు దక్కాయి గాని పేర్లు మాయమయ్యాయి. మొదటి లోపం యంత్రానిది, రెండవది మనది. కార్యాలయాలలో పనిచేసేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సంఖ్య, తేదీ, సంతకం లేని దస్త్రానికి ఎంత విలువో, తేదీ, స్థలం, పేరు లేని ఫోటోకూ అంతే విలువ.

భద్రపరచినవీ శాశ్వతం కావు. 1991లో జరిగిన అగ్నిప్రమాదంలో బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలోని అపురూపమైన నెగటివ్‌లు పెద్ద సంఖ్యలో నశించాయి. 2016లో ఆ సంస్థే మూతపడింది. తీరాన్ని చూసే తీరు కూడా మారుతున్నది. 2024 మార్చి నుంచి హౌరాకూ కలకత్తాకూ నడుమ మెట్రో రైలు నది అడుగున నడుస్తున్నది. సుమారు 520 మీటర్ల ఆ ప్రవాహాన్ని ప్రయాణికులు ముప్పావు నిమిషంలో, నదిని చూడకుండానే దాటిపోతున్నారు. సౌకర్యాన్ని కాదనలేము. కాని నీటి మీద నుంచి నగరాన్ని చూసిన కన్ను తగ్గుతున్న కొద్దీ ఆ తీరాన్ని నమోదు చేయవలసిన బాధ్యత పెరుగుతుంది.

నేడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్నది. ప్రిన్సెప్ ఘాట్ స్తంభాలను రోజూ వందలాదిమంది ఫోటో తీస్తున్నారు. స్తంభాలకు కొరత రాదు. కొరత పడేది వాటి ముందు టీ అమ్మేవాని పేరు, లాంచీకి తాడు విసిరేవాని పేరు, గార్డెన్ రీచ్ కార్యాలయం ముందు నిలబడిన మన తాతల పేర్లు. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ఇనుప పెట్టెల అడుగున ఇంకా ఇటువంటి ఫోటోలు ఉన్నాయి. పేర్లు చెప్పగల పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. వారి పక్కన కూర్చుని, ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాసుకోవడానికి నిధులూ అక్కరలేదు, ఉత్తర్వులూ అక్కరలేదు. ఒక సాయంత్రం చాలు.

ఈ వ్యాసకర్త ఇప్పుడు ఎక్కువగా ఉదయపు లాంచీకే వెళుతున్నాడు. భవనాలు నల్లగా పడతాయి, పడనీయవచ్చు. మెట్ల మీది మనుషులను పలకరించి, అనుమతి అడిగి, ఫోటో తీసి, పేరు వ్రాసుకొని సాయంత్రం రైలుకు ఇందా చేరుకుంటున్నాడు.