పసిపిల్లల మూర్ఛ – క్షయయా, బద్దెపురుగా?

పసివానికి మూర్ఛ వచ్చినదనగానే చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, గాలి సోకినదనుట రాజమహేంద్రవరము మొదలు కోనసీమ వరకు అందరెరిగినదే. ఆ మూర్ఛకు ఒక పురుగు కారణము కావచ్చునన్న మాట మన వైద్యులలో స్థిరపడుటకు నూరేండ్లు పట్టినది. ఆ కథ చెప్పదలచితిమి.

1888లో మదరాసున మూర్ఛలతో మరణించిన ఒక కూలివాని మెదడులో బద్దెపురుగు తిత్తులున్నట్లు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రకటించెను. గోదావరి మండలము నాడు ఆ మదరాసు రాజధానిలోనిదే. 1912లో కృష్ణస్వామి శవపరీక్షలలో కండలయందును, గుండెయందును, మెదడునందును తిత్తులను చూచెను. తరువాత, మన దేశమున కొలువుచేసి స్వదేశము చేరిన ఇంగ్లీషు సైనికుల మూర్ఛలలోను ఇదే పురుగు బయటపడెను. కాని బ్రతికియున్న బిడ్డ పుర్రెలోనికి చూచుట యెట్లు?

1971లో ఇంగ్లండున తొలిసారి రోగిని పరీక్షించిన సీ.టీ. యంత్రము ఆ కొరత తీర్చెను. మన దేశమున మాత్రము కొత్త పొరపాటు తెచ్చెను. మూర్ఛరోగుల మెదడులో శనగగింజంత గడ్డ యొకటి కనిపించినది. క్షయ విరివిగా నున్న దేశము గదా, క్షయగడ్డయే యనుకొనిరి. నెలల తరబడి క్షయమందు లిచ్చిరి. గడ్డ మాయమయ్యెను! అందరును సంతసించిరి. నిజమునకు అట్టి తిత్తి చచ్చి, పెక్కుసారులు కొన్ని నెలలలో తనంతట తానే కరగిపోవును. పేరు మాత్రము మందుకు దక్కినది. వైద్యుని ఇంతకంటె మోసగించునది మరొకటి యుండదని మాకు తోచును.

చిత్తూరి పొరుగుననున్న రాయవేలూరిలో క్రిస్టియన్ వైద్యకళాశాల శస్త్రవైద్యులు చాందీ, రాజశేఖర్ ప్రభృతులు అట్టి గడ్డలు కొన్నింటిని వెలికితీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. పలువురిలో బయల్పడినది బద్దెపురుగు తిత్తి. 1989లో ఆ సంగతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. పిమ్మట ఒక కొలతయు చెప్పిరి: గడ్డ ఒక్కటియే యై, 20 మిల్లీమీటర్లకు మించక, రోగికి ఇతర జబ్బు లక్షణములు లేనిచో తిత్తిగా నెంచవచ్చును, మించినచో క్షయను అనుమానింపవలెను. తిత్తిలో పురుగుతల చిన్న చుక్కవలె కనిపించినచో సందేహమే లేదు.

“మేము మాంసమే ముట్టము గదా!” యని కొందరు తల్లు లందురు. సరిగా ఉడకని పందిమాంసము తిన్నవాని పేగులో పురుగు పెరుగును. మెదడులోని తిత్తి పుట్టుక వేరు. పురుగున్న మనిషి మలముతో వెడలిన గ్రుడ్లు, కడుగని చేతుల ద్వారా, కూరగాయల ద్వారా బిడ్డ నోట పడును.

ఐదేండ్లు దాటిన పిల్లవానికి జ్వరము లేకయే మూర్ఛ వచ్చినచో, ఒక చేయి మాత్రమే కొట్టుకొన్నచో, నేటి వైద్యుడు తల చిత్రము తీయించుటతో ఊరకుండడు. ఇంటిలో క్షయరోగి యున్నాడా యని అడుగును. వంట చేయువారు మొదలుకొని ఇంటిల్లిపాదికిని మలపరీక్ష చేయించును.