ఆఁకలిగొన్నవాని మాట

విజయవాడనగరపు గుణదలకొండమీఁద ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో మేరీమాత తిరునాళ్లు జరుగును. ఫ్రాన్సుదేశపు లూర్దులో 1858వ సంవత్సరమున మాత కనఁబడెనను నమ్మికను బురస్కరించుకొని, ఇచటి సెయింటు జోసఫు అనాథశాలకుఁ బెద్దగా నుండిన ఆర్లాటిగారు 1920 తరువాతి దశాబ్దమున మాతవిగ్రహమును నెలకొల్పిరి. నేఁడు కొండ నెక్కువారిలో క్రైస్తవులే కాక హిందువులును గలరు. బిడ్డకు జబ్బు నయమైనచోఁ దలనీలాలిత్తు మన్నవారు, టెంకాయ కొట్టుదు మన్నవారు వచ్చి మ్రొక్కు చెల్లించుకొందురు. ఆడిన మాట తప్పరాదను భయమే వారిచేత మెట్లెక్కించుచున్నది.

మ్రొక్కునకు దైవము సాక్షి. సాటిమనుష్యున కిచ్చిన మాటకు సాక్షి యెవరు? ఒట్లతోఁ బనిలేకుండ అవును కాదు అను మాటలే చాలునట్లు బ్రతుకుఁడని క్రీస్తు బోధించెను. ఆలుబిడ్డల నమ్ముకొనియైనను హరిశ్చంద్రుఁడు మాట నిలుపుకొనెనని మన పెద్దలు చెప్పుదురు. అయితే మాట నిలుపుకొనుట యొక యెత్తు. ఎదుటివానిచేత నెట్టి మాట పుచ్చుకొనవచ్చు ననునది మఱియొక యెత్తు. ఈ రెండవదానికి ఒంగోలు చరిత్రలో నొక నిదర్శనము గలదు.

జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరిరి. ఆయనయొద్ద బాప్తిస్మము పొందఁగోరిన మాదిగలు మూఁడు మాట లీయవలసియుండెను: ఆదివారము పని చేయము, చచ్చిన పశువుల మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము. ఆ మాటలు వారికిఁ జౌకగా రాలేదు. గ్రామదేవతల కొలువులలో డప్పు కొట్టమన్నవారికి నూతులును అంగళ్లును మూయఁబడెను. అయినను నిలిచినవారు పలువురు.

1876–78 నడుమ గొప్ప కఱవు వచ్చెను. కృష్ణాడెల్టా కాలువలను చెన్నపట్టణముతోఁ గలుపు బకింగ్‌హాము కాలువను ద్రవ్వించుచు, నాఁటి ప్రభుత్వమువారు కఱవుకూలి యిప్పించుచుండిరి. సర్వేపని యెఱిఁగిన క్లౌగారు మూఁడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకుఁ దీసికొని, తమ బోధకులను పనిమీఁద నిలిపి, వేలమందికిఁ గూలి దొరకునట్లు చేసిరి.

ఆ దినములలో జనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మ మడిగిరి. సంఖ్య పెంచుకొనఁగోరువానికి అంతకంటె మంచి యదను లేదు. కాని యాయన ఏడాదికి మించి యెవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. ఆఁకలిగొన్నవాఁడు కూటికొఱకు దేనినైనను ఒప్పుకొనును. ఆ యొప్పుకోలు వాని మాట కాదు, వాని కడుపు మాట. కఱవుపని ముగిసి, ఇఁక సహాయము లేదని తెలిసిన పిమ్మటఁ గూడ వచ్చినవారినే 1878లోఁ జేర్చుకొనసాగిరి. ఆ యేఁటి జూలై 3వ తేదీ నొక్కదినముననే గుండ్లకమ్మయేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కఱవునాఁటి మేలు వారి మనస్సులలో లేకపోలేదనువారు గలరు. అది నిజమే కావచ్చును. కృతజ్ఞత తప్పు కాదు. పెట్టిన కూటికిఁ బ్రతిగా మాట పుచ్చుకొనకుండుటయే యిచట మేము మెచ్చు నిగ్రహము.

ఈ న్యాయము మిషనరీలకు మాత్రమే కాదు. పంటకు ముందప్పిచ్చి, ధాన్యము తనకే తక్కువధర కమ్మునట్లు రైతుచేత నొప్పించుకొనువాఁడును, ఆఁడపిల్ల తండ్రి యిబ్బందిని గనిపెట్టి కట్నమున కొప్పించువాఁడును, తరువాత 'మాట యిచ్చితివి గదా' యని గద్దించుట మన మెఱుఁగనిది కాదు. అది యిచ్చిన మాట కాదు, పిండుకొన్న మాట. గుణదల మెట్లెక్కి మ్రొక్కు దీర్చుకొన్నవారు గాని, ఏ గుడిమెట్టు నెక్కనివారు గాని, నమ్మఁదగినవారమని పేరు పొందఁగోరినచో, తాము నిలుపుకొనవలసిన మాటలతోపాటు, ఎదుటివారికి విడిచిపెట్టవలసిన యిట్టి మాటలను గూడ లెక్క చూచుకొనవలెనని మాకుఁ దోఁచుచున్నది.