అడంగల్‌లో రిమార్కుల గడి

నేటి ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని వినగడప పూర్వం కృష్ణా జిల్లా తిరువూరు తాలూకాలో ఉండేది. కోస్తా గ్రామాలన్నిటిలాగే ఇక్కడా భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. ఏటా జూలై 1న మొదలయ్యే రెవెన్యూ సంవత్సరమైన ఫసలీలో కరణం పొలాలు చూసి, అడంగల్ అనే సాగు లెక్కలో సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు, పైరు, నీటి వనరు నమోదు చేసి, ఆ గడుల్లో ఇమడని సంగతులను చివరనున్న రిమార్కుల గడిలో రాయాలి. కౌలుదారు మారినా, మెట్ట మాగాణి అయినా, పొలం గట్టు ఎక్కకుండా పాత రిమార్కునే కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తే, లెక్క చూడడానికి శుభ్రంగానే ఉన్నా భూమితో దానికి పొంతన పోయి, తగాదా కోర్టుకెక్కేది.

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం పదవులను రద్దు చేసింది. తరువాత ఆ లెక్కలు కంప్యూటర్ డేటాబేస్‌లోకి చేరగా, 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే ఆరంభమైంది. మూల కోడ్‌ను ఎవరైనా చదివి సవరించగల పోస్ట్‌గ్రెస్ వంటి ఓపెన్‌సోర్స్ డేటాబేస్‌లోనూ, కోడ్ మార్చినవారే దాని పక్కన రిమార్కులా ఉండే వివరణ వ్యాఖ్యను కూడా సరిచేయడం మంచి ఆనవాయితీ. సాధనం ఏదైనా, వాస్తవంతో పాటు మారని వ్యాఖ్య అసలు వ్యాఖ్యే లేకపోవడం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే చదివేవారు దాన్ని నమ్ముతారు.