సార్వకాలిక క్రికెట్ జట్టు: సగటు ప్రాతిపదికా, శిఖర దశ ప్రాతిపదికా?

ఘాజియాబాద్: సార్వకాలిక క్రికెట్ జట్టును ఎంపిక చేసేటప్పుడు ఆటగాడిని మొత్తం కెరీర్ సగటుతో కొలవాలా, అత్యుత్తమ ఫామ్‌తో కొలవాలా అన్నదే తొలి ప్రశ్న. కొలమానం మారితే జట్టూ మారుతుంది.

ఘాజియాబాద్ జిల్లా మురాద్‌నగర్‌కు చెందిన సురేశ్ రైనా ఇందుకు చక్కటి ఉదాహరణ. 18 టెస్టుల్లో ఆయన సగటు 26.48 మాత్రమే. కానీ 2010లో టీ20 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాపై 101 పరుగులు, ఆ తర్వాత కొలంబోలో ఆడిన తొలి టెస్టులోనే 120 పరుగులు చేసి, మూడు ఫార్మాట్లలోనూ అంతర్జాతీయ శతకాలు సాధించిన తొలి భారతీయుడిగా నిలిచారు. 2014 ఐపీఎల్ రెండో క్వాలిఫయర్‌లో 25 బంతుల్లోనే 87 పరుగులు చేశారు. ఈ ఆటను కెరీర్ సగటు చూపలేదు.

శిఖర దశను ఎలా గుర్తించాలి?

ఐసీసీ రేటింగ్ విధానం ఇటీవలి ప్రదర్శనకు ఎక్కువ విలువ ఇస్తుంది. అందువల్ల ఆటగాడు ఏ దశలో శిఖరాన ఉన్నాడో అందులో కనిపిస్తుంది. టెస్టు బ్యాటింగ్‌లో డాన్ బ్రాడ్‌మన్ 961 పాయింట్లు అత్యధికం. విరాట్ కోహ్లీ 2018లో 937 పాయింట్లకు చేరారు. ఒక్క ఇన్నింగ్స్‌లో అదృష్టం కలిసి రావచ్చు. కనుక వీలైనంత వరకు ఒక సిరీస్ లేదా ఒక సీజన్‌ను ప్రమాణంగా తీసుకోవడం, ప్రత్యర్థి బలాన్ని లెక్కలోకి తీసుకోవడం సముచితం.

తెలుగు నేల జట్టు

ఈ ప్రమాణంతో తెలుగు ప్రాంతాల, తెలుగు కుటుంబాల ఆటగాళ్లను పరిశీలిస్తే ముగ్గురి ఎంపికపై వివాదం ఉండదు. అజారుద్దీన్ 1984–85లో ఇంగ్లండ్‌పై తన తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు చేశారు. వీవీఎస్ లక్ష్మణ్ 2001లో ఆస్ట్రేలియాపై, కోల్‌కతాలో చేసిన 281తో కలిపి, మూడు టెస్టుల్లో 503 పరుగులు సాధించారు. మహ్మద్ సిరాజ్ 2025 ఇంగ్లండ్ పర్యటనలో 23 వికెట్లు తీశారు.

అసలు చర్చ సీకే నాయుడి విషయంలోనే. నాగ్‌పుర్‌లోని తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన 1926లో ముంబయిలో ఎంసీసీపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. భారత్ తొలి టెస్టు ఆడిన 1932 నాటికి ఆయన వయసు 36 ఏళ్లు. 7 టెస్టుల్లో సగటు 25. టెస్టు గణాంకాలే ప్రమాణమైతే భారత తొలి కెప్టెన్‌కు ఈ జట్టులో చోటు దక్కదు. శిఖర దశ ప్రమాణమైతే ఆయనే సారథి.

అబ్బాస్ అలీ బేగ్‌ది భిన్నమైన పరిస్థితి. 1959లో మాంచెస్టర్‌లో తొలి టెస్టులోనే 112 పరుగులు చేసినా, టెస్టుల్లో మరో శతకం సాధించలేదు. సిరీస్ నిబంధనను పాటిస్తే ఆయనను పక్కన పెట్టక తప్పదు. 1967–68 ఆస్ట్రేలియా పర్యటనలో తొలి టెస్టులోనే 6/55, ఆ తర్వాత సిడ్నీలో 78, 81 పరుగులు సాధించిన ఆబిద్ అలీకి చోటు ఖాయం. 2019లో వెస్టిండీస్‌లో రెండు టెస్టుల్లో 289 పరుగులు చేసిన హనుమ విహారి, 1988లో న్యూజిలాండ్‌పై 21 వికెట్లు తీసిన అర్షద్ అయూబ్ కూడా ప్రమాణానికి నిలుస్తారు.

జట్టు: జయసింహ, ఆబిద్ అలీ, లక్ష్మణ్, అజారుద్దీన్, సీకే నాయుడు (కెప్టెన్), విహారి, కేఎస్ భరత్ (వికెట్ కీపర్), అర్షద్ అయూబ్, గులాం అహ్మద్, వెంకటపతి రాజు, సిరాజ్.

ఈ కూర్పులో పేస్ బలం తక్కువ, స్పిన్ బలం ఎక్కువ. ఎవరు ఎక్కువ కాలం నిలకడగా రాణించారో కెరీర్ సగటు చెబుతుంది. తమ ఉత్తమ రోజుల్లో ఎవరు ప్రత్యర్థికి అందనంత ఎత్తున ఉన్నారో శిఖర దశ చెబుతుంది. ఏ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నామో ముందే తేల్చుకుంటే ఎంపికపై సగం వివాదం తీరుతుంది.