వెండి నాణెము, బోధకుని జీతము: జర్మను చిన్న రాజ్యముల చరిత్ర నుండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో సేవ చేయుచున్న మనకు చిన్న రాజ్యములు క్రొత్తవి కావు. నంద్యాల 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండెను. ప్రక్కనున్న బనగానపల్లె సంస్థానము 1948 వరకు నిలిచెను. 16, 17 శతాబ్దములలో జర్మను దేశము ఇట్టి వందలాది రాజ్యముల సమూహము. వాటిలో అనేకములకు సొంత టంకశాలలుండెను. ఆ నాణెముల చరిత్ర సంఘ చరిత్రకు వెలుపలిది కాదని మేము తలంచుచున్నాము.

1520లో బొహీమియాలోని యోవాకిమ్స్‌టాల్ గనుల వెండితో ష్లిక్ ప్రభువులు పెద్ద నాణెములు ముద్రింపసాగిరి. ఆ ఊరి పేరు నుండి థాలర్ అను మాట, దాని నుండి డాలర్ అను మాట పుట్టెను. లూథరు శిష్యుడును ఆ ఊరి బోధకుడునైన యోహాన్ మతేసియుస్ గని కార్మికులకు చేసిన ప్రసంగములు 1562లో 'సరెప్తా' అను పేరుతో వెలువడెను. 1566లో సామ్రాజ్య సభ థాలరు ప్రమాణమును సుమారు 26 గ్రాముల మేలిమి వెండిగా స్థిరపరచెను.

థాలరు నిలిచెను గాని చిల్లర నాణెములు చెడిపోయెను. ముప్పది సంవత్సరముల యుద్ధము 1618లో మొదలుకాగా పాలకులకు సైన్యపు ఖర్చు పెరిగెను. 1619-1623 మధ్య అనేక టంకశాలలు చిల్లరలో వెండి తగ్గించి రాగి కలిపెను. మారకపు వర్తకులు త్రాసులో తూచి, బరువైన మంచి నాణెములను ఏరి కరగించిరి. త్రాసు ఊగుటను బట్టియే ఆ కాలమునకు 'కిప్పర్-విప్పర్' కాలమని పేరు వచ్చెను. ధరలు పెరిగెను. నిర్ణీత జీతముమీద బ్రతుకు బోధకులు, ఉపాధ్యాయులు, విధవరాండ్రు మిక్కిలి నష్టపడిరి. జీతపు అంకె మారలేదు, దానితో కొనగలిగిన రొట్టె తగ్గెను. లూథరను బోధకులనేకులు దీనిని దొంగతనమని ప్రసంగించిరి, కరపత్రములు వ్రాసిరి.

అదే వెండి సేవకును ఉపయోగపడెను. 1695లో హాలే ప్రక్కనున్న గ్లౌఖా బోధకుడు ఫ్రాంకే, కానుక పెట్టెలో దొరికిన 4 థాలర్లు 16 గ్రోషెన్‌లతో బీదపిల్లల బడి ఆరంభించెను. ఆ హాలేలోనే 1740లలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములు అచ్చు వేయించెను.

లేవీయకాండము 19:36, ఆమోసు 8:5 వచనములను మనము సంతలోని తూకమునకే పరిమితము చేయుచుంటిమి. అంకె మార్చకుండ విలువను తగ్గించుట కూడ దొంగ త్రాసేనని ఈ చరిత్ర చూపుచున్నది. గ్రామ బోధకుని జీతమును ఏండ్ల తరబడి ఒకే అంకెయొద్ద నిలుపు సంఘ కమిటీలు దీనిని ఆలోచింపవలెను.